గాల్లో జడ

దేవరకొండ బస్టాండు ఎదురు సందులకు తిరిగితే మూడో షట్టరు గోపీకృష్ణ ఫోటో స్టూడియో. పొద్దుగాల్నే గోపి పై గదికెల్లి దిగొచ్చి షట్టరు లేపుతడు, వాకిట్ల ఇన్ని నీళ్ళు చల్లుతడు, నర్సింహస్వామి పటానికి రెండు ఊదుబత్తులు వెలిగించి మిగిలిన పొగ కంప్యూటర్ చుట్టు తిప్పుతడు. ఇగ స్విచ్ ఏస్తడు. బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బాల ఫ్యాను తిరుగుడు మొదలువెడ్తది. గిరాకీ వచ్చి స్టూలు మీద కూసుంటడు. గప్పుడు దానికి ఎక్కిళ్ళు షురువైతయి. గుయ్యిమని లేస్తది, సల్లవడ్తది, మల్ల లేస్తది.

ఆ ముచ్చట ఊరందరికీ ఎరికే. ముంగట కూసున్న మనిషిని యాడనో ఎవరో యాదిజేసుకుంటున్నరన్న మాట. మనకు ఎక్కిళ్ళొస్తే ఏం జేస్తం? ఒక్కొక్క పేరు తీస్తం, అసలు పేరు కాడ ఆగిపోతయి. దానికి గూడ గంతే. ఒకనాడు ఐలేశం పెద్దయ్య పింఛన్ ఫోటోకు వచ్చి కూసోంగనే ఫ్యాను లేసింది. ఇంటామె పేరు తీసిండు, ఆగలే. పెద్దకొడుకు పేరు, చిన్నకొడుకు పేరు, ఆగలే. ఎనుక లైన్ల ఉన్నోళ్ళు "ఇంకెవరున్నరే పెద్దయ్యా, జర గుర్తు తెచ్చుకో" అని నవ్వవట్టిన్రు. ఆఖరికి "మా ఎర్రావు" అన్నడు, ఫ్యాను టక్కున సల్లవడ్డది. "అరెరె, కుడితి పెట్టకుండ వచ్చిన" అని ఐలేశం ఫోటో గూడ దిగకుండ ఉరికిండు.

గోపికి మాత్రం పేర్లు వెతుక్కునే పని లేకుండె. పెండ్లాం మమత పై గదిల్నే ఉంటది, యాదికొస్తే మెట్ల మీదికెల్లి కేకేస్తది. ఇగ ఆని కోసం ఫ్యాను లేసిందంటే అది సుగుణక్కనే.

అమ్మ పోయిన్నాటికి గోపికి ఊహ తెల్వదు. బాపు జంగయ్య బొంబాయికి కూలికి పోయి ఆడనే పాణమిడిసిండు. పెంచింది అక్కనే. హాస్టల్ల ఏసిన్నాడు గేటు పట్టుకొని ఏడుస్తుంటే ఆని నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పింది: "బువ్వ తినేటప్పుడు ఎక్కిళ్ళొస్తే భయపడకు తమ్మీ. నేను యాదిజేస్తున్న అన్నట్టు. 'అక్కా' అను, ఆగుతయి." హాస్టల్ నీళ్ళచారు తినుకుంట గోపి 'అక్కా' అనని పూట లేదు. పెద్దగైనంక ఆ ఎక్కిళ్ళు మనిషిని ఇడిసి ఫ్యానుకు పట్టినయి. అక్క ఎర్రగుట్టపల్లెల పత్తిచేను గెట్టు మీద కూసొని సద్ది ఇప్పంగనే ఈడ ఫ్యాను గుయ్యిమనేది. గోపి డబ్బా దిక్కు వంగి "తిన్ననే అక్కా, తిన్న" అనేటోడు. తినకపోయినా గట్లనే అనేటోడు. ఫ్యాను మెత్తవడేది.

ఇగ అసలు సంగతి చెప్పాలె. చెప్పబుద్ధి గాదు గని తప్పదు.

మాఘమాసంల గోపి లగ్గమైంది. పిల్ల మమతది చౌటుప్పల్. పుస్తె కట్టేటప్పుడు పెండ్లిపిల్ల జడ ఎత్తి పట్టుడు ఆడబిడ్డ పని. గోపికి తోడబుట్టింది సుగుణక్క ఒక్కతే, గని బావ లారీ కింద వడి పోయి ఐదారేండ్లాయె. బొట్టు లేని ఆడబిడ్డ పుస్తె కాడికి ఎట్లొస్తది? ఎవరు వద్దనలే. అనే తిప్పలు ఎవరికీ పెట్టకుండ ఆమెనే పోయి ఎనుక స్తంభం చాటుకు నిలవడ్డది. జడ పట్టే పని చిన్నాయిన బిడ్డ నిరోషకు ఒప్పజెప్పిన్రు.

నిరోష పట్టిందా? యాడ! గట్టిమేళం లేసింది, అయ్యగారు "కట్టు, కట్టు" అని తొందరవెడ్తున్నడు, ఆ పిల్లేమో ఫోను మీదికి లేపి సెల్ఫీ దిగుతాంది. మమతదా మామూలు జడ? మెడ కాడికెల్లి నడుం దాక మల్లెపూలు, కింద కుచ్చులు. పుస్తెతాడు పట్టుకొని గోపి తడుముతున్నడు, మెడ దొరుకుతలేదు. గప్పుడు ఎనుకకెల్లి ఒక చెయ్యొచ్చింది. గాజుల్లేని చెయ్యి. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు జడను అరచేతులకు తీసుకొని పైకెత్తింది. మూడు ముళ్ళు వడ్డయి. ఆ చెయ్యి మల్ల స్తంభం చాటుకు పోయింది. కెమెరా పట్టిన దోస్తు ఆ గడియను మా మంచిగ పట్టిండు.

ఆల్బమ్ పని గోపి తనే పెట్టుకున్నడు. ఒకనాడు పగటాల ఆ ఫోటో తెరిచి పెట్టుకున్నప్పుడే అత్త సావిత్రమ్మ చౌటుప్పల్ నుంచి వచ్చి ఎనుక కుర్చీల కూసున్నది. చెడ్డ మనిషి గాదు. అల్లునికి కోడికూర తెచ్చింది టిఫిన్ల. ఫోటో చూసి కుర్చీ ముంగటికి జరుపుకున్నది.

"అల్లుడా, నాకేం లేదు. మావోళ్ళ నోర్లు నీకు తెల్వదా? పిల్ల మెడల పుస్తె పడంగ ఆ చెయ్యి కనిపిస్తాంది. రేపు ఇంట్ల ఎవరికి జరమొచ్చినా ఆమె మీదనే బట్టగాల్చి ఏస్తరు. ఆమె మంచికే చెప్తున్న. జర తీసెయ్యరాదు?"

గోపి 'గట్ల కాదత్తా' అని ఒక్క మాటంటే అయిపోవు. సావిత్రమ్మ అలగకపోవు, కోడికూర వాపస్ కొంచవోకపోవు. గని 'ఆమె మంచికే' అన్న మాటొకటి దొరికింది ఆనికి. దాన్ని పట్టుకొని వేలాడిండు. మౌసు పట్టి ముందుగాల వేళ్ళు తీసిండు. అరచెయ్యి తీసిండు, మోచెయ్యి తీసిండు. మమత భుజం ఎనుక సగం కనిపించే అక్క మొఖం తీసిండు. ఆ జాగల మండపం ఎర్రగుడ్డ నింపిండు. పనిమంతుడాయె, అతుకు కనిపిస్తే ఒట్టు.

జడ కాడికి వచ్చినంక పని ఆగింది. కిందికి దించితే ముడి మూసుకపోతది. దించకపోతే పట్టినోళ్ళు లేరు. శానసేపు చూసి, ఉండనీ అనుకున్నడు. ఎవరు ఎత్తకుండ, ఎవరు పట్టకుండ, మమత జడ ఒక్కటే గాల్లో నిలవడ్డది.

సేవ్ కొట్టిండో లేదో ఫ్యాను లేసింది. ఎన్నడు గంత గట్టిగ లేవలే. బల్ల మీదున్న టిఫిన్ మూత గూడ గిలగిలలాడింది.

"అవ్వో, నిన్నెవరో గట్టిగ యాదిజేస్తున్నరు అల్లుడా. పేరు తియ్యి" అన్నది సావిత్రమ్మ.

గోపి మెట్ల దిక్కు చూసిండు. "మమత" అన్నడు. సావిత్రమ్మ మురిసింది గని ఫ్యాను తగ్గలే. దోస్తుల పేర్లన్నీ తీసిండు, తగ్గలే. అసలు పేరు నోటి దాక వచ్చి గొంతుకు అడ్డం వడ్డది. ఇంతకు ముందే మౌసుతోటి తుడిచేసిన మనిషిని నోటితోటి ఎట్ల పిలుస్తడు? స్విచ్ ఆపేసి, కంప్యూటర్ వేడెక్కింది అత్తా అన్నడు.

అబద్ధానికి కాళ్ళుండయంటరు గని దీనికి రెక్కలొచ్చినయి. ఆల్బమ్ చూసినోళ్ళందరు ఆ జడ ఏదో కొత్త ఎఫెక్టు అనుకున్నరు. "అన్నా, జడ దానంతల అదే లేసుడు భలే ఉంది, మాగ్గూడ గట్ల చెయ్యి" అని పెండ్లికొడుకులు లైను గట్టిన్రు. ఆ ఎండకాలం దేవరకొండల లగ్గమైన పిల్లల జడలన్నీ గాల్లోనే లేసినయి. అంటే ఏంది? ఒక్కొక్క ఫోటోల ఒక్కొక్క ఆడబిడ్డ చెయ్యి తీసేసుడే. గాజుల్లేని చేతులు గాకపోతేమాయె, బంగారు గాజులున్నయి, మైదాకు పెట్టినయి, అన్నీ తీసిండు గోపి. అందరి ఫోటోలు గట్లనే అయితే తన తప్పు పల్చగైతదేమో అని లోపట ఆశ. పల్చగ గాలే, చిక్కవడ్డది.

ఫ్యాను మాత్రం ఊకోలే. పగటాల సద్ది యాళ్ళకు లేస్తది, పొద్దుమీకి లేస్తది. "పేరు తియ్యరాదన్నా, చెవులు పగులుతున్నయి" అని గిరాకీలు అంటరు. గోపి తియ్యడు. దాని మీదికెల్లి ఫోను.

"ఆల్బమ్ అయిందా తమ్మీ?" అని అక్క. "ఒక్క ఫోటో చూస్తే సాలు నాకు. నువ్వు ముడి ఏసేటిది. నేను చూడనే లేదురా, జడ అడ్డమొచ్చె."

"అయితాందక్కా. ప్రింటుకు పోయింది."

"పోనీ తియ్, మెల్లగనే ఇయ్యి. తిన్నవా?"

ఆ మాట అడిగినప్పుడు గోపికి కూసున్న జాగల భూమి తెరుచుకుంటే బాగుండు అనిపించేది. ఫోను పెట్టేసి అన్నం ముంగట కూసుంటే ముద్ద దిగకపోయేది.

దసరా దగ్గరవడ్డది. గోపి ఇగ ఆగలేక మెకానిక్ సైదులును పిలిచిండు. సైదులుది గూడ ఎర్రగుట్టపల్లెనే, మాట ఎక్కువ, చెయ్యి జర తక్కువ. డబ్బా ఇప్పి నోరు తెరిచిండు. పోయిన దసరాకు పూజల పెట్టిన పసుపు కుంకుమ జాలీలకెల్లి లోపటికి పోయి, నూనె జిడ్డుకు రెక్కలన్నీ ఎర్రగ పూసుకుపోయినయి.

"అన్నా, దేవునికి పెట్టాల్సిన బొట్టంత ఫ్యానుకే పెట్టినవు గదనే" అని బ్లోయర్‌తోటి దులిపిండు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడి గుంజే పేస్టు గోకి కొత్తది పూసిండు. "వేడెక్కితే ఉరుకుతది, సల్లవడితే ఆగుతది, మల్ల వేడెక్కుతది. గదీ దీని రోగం. లోపటి సెట్టింగులకు పోయి, జర వేడికే ఆగం గాకుండ ఒక్క తీరుగ తిరిగెతట్టు పెడ్త. గని అన్నా, ఒక పేరు తీస్తే పోయేదానికి గీ కత అంత ఎందుకే?"

"చెప్పింది చెయ్యరా బై" అన్నడు గోపి.

సైదులు పెట్టిండు. ఫ్యాను సన్నగ, సాఫుగ తిరిగింది. అదే పొద్దుమీకి సావిత్రమ్మ పంపిన దసరా కానుక వచ్చింది: షట్టరంత ఫ్లెక్సు, మీద గోపి, మమత, గాల్లో జడ. కింద 'మా ప్రత్యేకత' అని పెద్దక్షరాలు. దాన్ని స్టూడియో నెత్తి మీద కట్టిన్రు. సందు మొదట్ల నిలవడ్డా కనిపిస్తది.

తెల్లారినంక కంప్యూటర్ పెట్టిండు. సప్పుడు లేదు. పగటాల సద్ది యాళ్ళయింది, సప్పుడు లేదు. గోపి కాళ్ళు సాపి కూసొని చాయ్ తాగిండు. ఒకటి రెండు రోజులకు గిరాకీలు వచ్చి కూసుంటే ఫ్యాను మల్ల లేచుడు మొదలువెట్టింది, ఆళ్ళు పేర్లు తీసుడు, నవ్వుడు, అంత మామూలే. గోపి కూసుంటే మాత్రం లేస్తలేదు. సైదులు భలే పెట్టిండు, గిరాకీలకు లేస్తది, నాకు లేవది అనుకున్నడు. గసుంటి సెట్టింగు లోకంల యాడన్న ఉంటదా? ఉండదని ఆనికి తెల్వదా? తెలుసు. తెలిసి గూడ తెల్వనట్టు ఉండుటల మన గోపి పెద్ద చదువే చదివిండు. పొద్దుగాల కంప్యూటర్ లేవంగనే తారీకు ఎప్పటిదో పాతేండ్లది చూపించేది. దాన్ని గూడ సరిజేసి ఊకునేటోడు.

అక్క ఫోన్లు గూడ బందైనయి. పత్తి ఏరుతుందేమో, తీరిక లేదేమో అనుకున్నడు.

మమతకు ఏడో నెల వడ్డది. శుక్రవారం నాడు గాజులు తొడిగే పండుగ పెట్టుకున్నరు. మమత కడుపు మీద చెయ్యేసుకొని మెట్లు దిగొచ్చి స్టూడియోల కూసున్నది.

"వదినెకు చెప్పినవా?"

"చెప్త."

"ఎప్పుడు చెప్తవు, పిల్లగాడు పుట్టి బడికి పోయినంకనా?" మెడ ఎనుక తడుముకున్నది. "నువ్వు ఫోటోలకెల్లి తీసినవు. గని ఆ చెయ్యి నా మెడకు తాకింది. సల్లగుండె. మా అమ్మ చెప్తే నేను గూడ ఊకున్న, నాది గూడ తప్పే. గాజులు మొదలు ఆమెనే తొడగాలె నాకు. ఆమె రాకపోతే నేను పీట మీద కూసోను."

గోపి తల దించుకున్నడు. "రేపు పోత" అన్నడు. రేపన్నది అట్లనే జరుక్కుంట జరుక్కుంట గురువారం దాక వచ్చింది.

గురువారం పొద్దుగాల సైదులు కొత్త కీబోర్డు పట్టుకొని వచ్చిండు. ఆడు స్టూలు మీద కూసోంగనే ఫ్యాను లేసింది. "మా అమ్మే" అన్నడు, సల్లవడ్డది. కీబోర్డు బిగించుకుంట తెర మీద తారీకు చూసిండు.

"ఇదేందన్నా, పాతేండ్ల తారీకు?"

"రోజు పొద్దుగాల గట్లనే వస్తది. నేనే సరిజేస్త."

"ఎప్పటిసంది?"

"దసరాకు ముందుసందే."

సైదులు నెత్తి కొట్టుకున్నడు. "ఓర్నీ! లోపట బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటదన్నా. అది సచ్చింది. అది సస్తే మనం పెట్టిన సెట్టింగు ఒక్కటి నిలవది. నేను పెట్టింది ఆ రాత్రి కరెంటు పోంగనే పోయి ఉంటది." ఆడు ఫ్యాను దిక్కు, గోపి దిక్కు చూసిండు. "మరి నీకు ఎక్కిళ్ళు ఎట్ల ఆగినయన్నా?"

గోపి లేసిండు. సైదులును లేపి తను స్టూలు మీద కూసున్నడు. ఫ్యాను సన్నగ, సాఫుగ, ఒక్క తీరుగ తిరుగుతాంది. లోకంల ఆన్ని యాదిజేసుకునే మనిషి ఒక్కలు లేరన్నట్టు.

"అక్క గిట్ల ఏమన్న చెప్పిందా నీకు?" అన్నడు.

"నాకేం చెప్తది? ఫ్లెక్సు కట్టిన పొద్దుమీకి నేను ఇంటికి పోతుంటే దాని ముంగట నిలవడి ఉంది గద. చేతుల సంచి, మమతక్కకని బతుకమ్మ చీర. లోపటికి వచ్చిందనుకున్న. రాలేదా?" సైదులు జర తడబడ్డడు. "ఇయ్యాల మారయ్య మేస్త్రి బ్యాచ్ పూనాకు పోతాంది, బిల్డింగుల పనికి. మనూరోళ్ళు శానమంది. మీ అక్క గూడ పోతాందాయె. నీకు చెప్పలేదా? పగటాల్నే బస్సు."

గోపి చెవులల్ల సప్పుడు లేదు, ఫ్యానుది గూడ లేదు. బాపు గూడ గట్లనే ఒక పగటి బస్సు ఎక్కిండు. మల్ల రాలే.

పాత ఫోల్డరు తెరిచిండు. అసలు ఫోటో అట్లనే ఉంది, తీసెయ్యడానికి అప్పుడు గుండె ఒప్పలే. తెర నిండ పెట్టిండు. మమత భుజం ఎనుక సగం మొఖం, అరచేతుల జడ. అక్క కండ్లు మూసుకొని ఉంది. పుస్తె మీద తన చూపు గూడ పడొద్దని మూసుకున్నది. పనిమంతుడు, ఇన్నేండ్ల తజుర్బా ఉన్నోడు, అది ఇప్పుడు చూసిండు.

"అక్కా" అన్నడు డబ్బా దిక్కు వంగి. ఫ్యాను కదలలే. "అక్కా, అక్కా."

"ఈడ పిలిస్తే ఏమొస్తదన్నా?" అన్నడు సైదులు. "ఉరుకు."

ప్రింటు తీసుకొని, తడి ఆరకముందే అంగి లోపట పెట్టుకున్నడు. బయటికి వచ్చి ఫ్లెక్సు తాడు పట్టి గుంజిండు. అది సగం చినిగి, జడ కాడ వేలాడింది. మోటర్‌సైకిల్ మీద ఊరు దాటిండు. తొవ్వ పొడుగున "అక్కా, పోకే. అక్కా, ఆగే" అని ఒర్రుకుంటనే పోయిండు. ఎదురొచ్చే ఆటోలోళ్ళు చూసి, పాపం ఎవరో పోయిన్రు కావచ్చని పక్కకు తప్పుకున్నరు.

ఎర్రగుట్టపల్లె స్టేజి కాడికి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము గూడ మిగలలే. బస్సు పోయింది. రేకుల షెడ్డు కింద ఒక్క మనిషి, సంచి మీద కూసొని ఉంది. చేతుల నీళ్ళ బాటిల్. భుజాలు ఉండుండి ఎగిరిపడుతున్నయి.

సుగుణక్కకు ఎక్కిళ్ళు.

ఆన్ని చూసి మొఖం తిప్పుకున్నది. గోపి మోటర్‌సైకిల్ స్టాండు గూడ ఏయకుండ కింద పడేసి వచ్చి ముంగట కూలవడ్డడు.

"బస్సెక్కలేదానే?"

"ఎక్కిన." ఒక ఎక్కిలి. "దింపిండు మారయ్య. 'గీ ఎక్కిళ్ళతోటి బస్సుల ఒక్కల్ని పండనియ్యవు, తగ్గినంక వచ్చే బస్సుకు రా' అన్నడు." ఇంకొకటి. "బాటిల్ నీళ్ళు అయిపోయినయి. అమ్మ పేరు తీసిన, బాపు పేరు తీసిన, మీ బావ పేరు తీసిన. ఆగుతలేవు."

"నా పేరు తీసినవా?"

"తియ్యలే."

"ఎందుకే?"

"తీస్తే ఆగుతయని ఎరికే." ఆమె కండ్లు రోడ్డు మీదనే ఉన్నయి. "నీ పేరు నా నోట్లకు రావద్దని ఒట్టు వెట్టుకున్న. నిన్ను యాదిజెయ్యొద్దని గూడ. మొదట్ల శాన కష్టమైందిరా. సద్ది ఇప్పంగనే నువ్వే వస్తివి. సద్ది తినుడే బంద్ జేసిన."

గోపికి అప్పుడు సమజైంది, తను కాళ్ళు సాపి చాయ్ తాగిన పగటి పూటలన్నీ అక్క పస్తులున్నదని. అంగి లోపటికెల్లి ఫోటో తీసి ఆమె ఒడిల పెట్టిండు.

"నేనే తీసేసినక్కా నిన్ను. ఎవరో చెప్పిన్రని గాదు. చెప్పినా నేను చెయ్యకుండ ఉండాల్సింది. ఈ చేతులతోటే తీసిన."

"తెలుసు" అన్నది సుగుణక్క. "గంత సాఫుగ తీసెటోడు దేవరకొండల ఇంకెవడున్నడు?"

ఆ మాటకు గోపి మొఖం చేతులల్ల పెట్టుకున్నడు. అక్క ఫోటో చూడొద్దనే చూడకుండ కూసున్నది గని, కండ్లు ఊకుంటయా? ఒడిలకు చూసింది. తన మొఖం చూసుకోలే, తన చెయ్యి చూసుకోలే. వంగి, కండ్లు చిన్నగ జేసి, గోపి వేళ్ళ నడుమ చూసింది.

"ముడి మంచిగనే వడ్డదిరా" అన్నది. ఎక్కిలి వచ్చింది, ఆగింది. "జడ మాత్రం మస్తు బరువుండె. మోచెయ్యి గుంజింది. ఇడిస్తే నీ చేతుల మీద వడ్తదని అట్లనే పట్టుకున్న." ఇంకొక ఎక్కిలి. ఆమె వేలు ఫోటోల గోపి మొఖం మీద ఆగింది.

"గోపీ" అన్నది.

ఎక్కిళ్ళు ఆగిపోయినయి. రేకుల షెడ్డు కింద పూరా సప్పుడు లేకుండాయె. యాడనో చేన్ల మోటరు కొట్టుకుంటాంది.

కొంగుతోటి మూతి తుడుచుకున్నది. "ఎన్నో నెల మమతకు?"

"ఏడు. రేపు గాజులు."

"ఎవరు తొడుగుతున్నరు?"

"నువ్వు తొడిగినంకనే ఎవరైనా. నువ్వు రాకపోతే పీట మీద కూసోదట."

"మీ అత్త ఊకుంటదా?"

"ఊకోకపోతే కోడికూర నేనే వండుకుంట."

సుగుణక్క నవ్వలే గని పెదవి జర వంకరవోయింది. సంచిల చెయ్యి పెట్టి, అడుగున మడత ఇప్పని బతుకమ్మ చీర ఒకసారి తడిమింది. మల్ల గోపి దిక్కు సూటిగ చూసింది.

"ఫోటో తీస్తవా రేపు?"

"తీస్త."

"నా చేతులుంటయా?"

గోపి ఉంటయని చెప్పాలె. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. రోడ్డు పక్కన, పట్టపగలు, చిన్నపిల్లగాని లెక్క ఎక్కెక్కి ఏడ్సిండు. మాఘమాసంసంది లోపట దాసిపెట్టిందంత ఒక్కసారే తన్నుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆనికే ఎక్కిళ్ళు పట్టుకున్నయి. ఆపుకుందామంటే ఆగుతలేవు.

సుగుణక్క బాటిల్ తిప్పి చూసింది, చుక్క నీళ్ళు లేవు. ఆన్ని దగ్గరికి గుంజుకొని నెత్తి మీద మెల్లగ తట్టింది.

"ఊకో తమ్మీ, ఊకో. నేను ఈడనే ఉన్న గదరా. ఇంకెవరు యాదిజేస్తున్నరు నిన్ను?"